తామర ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి పాకుతోంది, ఎలా ఆపాలి?

మా అబ్బాయి హాస్టల్ నుంచి తొడల మధ్య తామరతో వచ్చాడు. మందుల దుకాణంలో ఇచ్చిన ట్యూబు రాస్తే నాలుగు రోజుల్లో దురద తగ్గింది, మానగానే రెట్టింపు మేర పాకింది. అందులో క్లోబెటాసోల్ అనే స్టెరాయిడ్ ఉందని తర్వాత డాక్టరు చెప్పారు. అది ఎరుపును అణచి, లోపల ఫంగస్‌ను పెరగనిస్తుందట. ఇప్పుడు ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు వాడుతున్నాడు.

ఈలోగా మా అత్తగారికి నడుము దగ్గర, కుచ్చిళ్లు దోపుకునే చోట, అంచు ఎర్రగా ఉన్న గుండ్రటి మచ్చ కనిపించింది. ఆమెకు షుగర్ ఉంది, అదే నా భయం. రేపే డాక్టరుకు చూపిస్తాను. తువ్వాళ్లు వేరు చేశాను. బట్టలన్నీ ఒకే బకెట్లో నానబెడితే అంటుకుంటుందా? వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేస్తే చాలా, ఇస్త్రీ కూడా చేయాలా? మచ్చలు పోయాక మందు ఎన్నాళ్లు కొనసాగించమన్నారు? ఇంటిల్లిపాదికీ వచ్చి తగ్గినవారు దయచేసి చెప్పండి.