మా నాయనకు రోజుకు 11 బిళ్ళలు, ఇన్ని అవసరమా?

కావలి_కుర్రోడు:
మా నాయనకు 78 ఏళ్ళు. బీపీకి కావలిలో ఒక డాక్టరు, షుగర్‌కు నెల్లూరులో ఇంకొకాయన, మోకాళ్ళ నొప్పులకు మా ఊరి ఆర్‌ఎంపీ. ఎవరి చీటీ వాళ్ళదే. బీపీకి ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, షుగర్‌కు గ్లిబెన్‌క్లమైడ్, మెట్‌ఫార్మిన్, నొప్పులకు డైక్లోఫెనాక్, గ్యాస్ బిళ్ళ, నిద్రకు ఆల్ప్రాజోలం, మిగతావి బలానికట. కాళ్ళు వాచాయని మొన్నామధ్య పాసు ఎక్కువ పోయించే ఫ్రుసెమైడ్ కూడా కలిపారు. అది రాత్రిపూట వేసుకుంటాడు, ఇక పాసుకు లేవడమే పని. పోయిన వారం బాత్రూం దగ్గర తూలి పడ్డాడు, దెబ్బలేం తగల్లేదు. తెల్లారుజామున చెమటలు పడుతుంటాయి, ఈ ఎండలకు ఎవరికైనా పడతాయి లెండి. ఇవన్నీ కలిపి ఎవరికి చూపించాలి?

బిట్రగుంట_బాబాయ్:
ఆ నిద్ర బిళ్ళ ఈ రాత్రే ఆపేయ్ అబ్బాయ్. సగం రోగాలు దానివల్లే.

రిటైర్డ్_సిస్టర్_నెల్లూరు:
బాబాయ్ గారూ, అట్టా చెప్పబాకండి. చాన్నాళ్ళు వాడిన ఆల్ప్రాజోలం ఉన్నట్టుండి ఆపితే వణుకు, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టరు చెప్పిన లెక్కన మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

తమ్ముడూ, ముందు ఆ చెమటల సంగతి చూడు. నువ్వు ఎండ అంటున్నావు గానీ నా అనుమానం గ్లిబెన్‌క్లమైడ్ మీద. దాని ప్రభావం రోజంతా ఉంటుంది, కిడ్నీ మందగిస్తే ఇంకా ఎక్కువసేపు. రాత్రి సరిగా తినకపోతే తెల్లారేసరికి షుగర్ పడిపోతుంది. రేపు చెమట పట్టినప్పుడే గ్లూకోమీటర్ పెట్టు. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకు మళ్ళీ చూడు. మగతగా ఉంటే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చెయ్.

ఇక బిళ్ళలు. ఎవరైనా ఒక్క జనరల్ ఫిజీషియన్‌ను పట్టుకో. మా ఆస్పత్రిలో ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకుని రమ్మనేవాళ్ళం. చీటీలొక్కటే చాలవు, షీట్లే కావాలి. కంటి చుక్కలు, లేహ్యాలు, ఆర్‌ఎంపీ పొట్లాలు కూడా. అన్నీ బల్ల మీద పోసి, "ఇది దేనికి వేసుకుంటున్నారు పెద్దాయనా?" అని ఆయన్నే అడగాలి. పక్కన కొడుకు గబగబా జవాబు చెప్పబోతే ఆపేదాన్ని, ఎందుకంటే ఏది మింగుతున్నాడో ఏది కిటికీలో పెడుతున్నాడో ఆయనకే తెలుసు. కంపెనీ పేర్లు వేరు, లోపల మందు ఒకటే అయిన షీట్లు బోలెడు చూశాను. తర్వాత పడుకోబెట్టి బీపీ, నిలబడ్డాక ఒక నిమిషానికీ మూడు నిమిషాలకూ మళ్ళీ బీపీ. పై అంకె 20 పడిపోతే, తూలడానికి అదీ ఒక కారణమని అనుకోవచ్చు.

ఒంగోలు_ఎండీ:
సిస్టర్ గారి మాటకు కొంచెం కలుపుతాను. ఆమ్లోడిపిన్‌తో కాళ్ళు వాస్తాయి. దాన్ని కొత్త జబ్బు అనుకుని ఫ్రుసెమైడ్ రాస్తే ఆ వాపు పెద్దగా తగ్గదు, పాసూ నీరసమూ మాత్రం మిగులుతాయి. వాపు గుండె, కిడ్నీ వల్ల కాదని తేల్చుకున్నాక ఆమ్లోడిపిన్ డోసు తగ్గించడమో మార్చడమో చేస్తాం. టెల్మిసార్టాన్, ఫ్రుసెమైడ్ వాడేవాళ్ళకు డైక్లోఫెనాక్ కూడా తోడైతే కిడ్నీకి ప్రమాదం. కిడ్నీకి చేసే రక్తపరీక్షలో క్రియాటినిన్ నార్మల్ అని ధైర్యపడొద్దు, కండ తగ్గిన పెద్దవాళ్ళలో ఆ అంకె మోసం చేస్తుంది. ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీ ఎంత బాగా వడకడుతోందో చెప్పే లెక్క, చూడాలి, అది 30 దిగితే మెట్‌ఫార్మిన్ కూడా ఆపాల్సిందే. పెద్దవాళ్ళకు వీలైనంత వరకు వద్దనే మందులతో 1991లో అమెరికాలో వచ్చిన బీర్స్ జాబితా ఉంది, 2023లోనూ సవరించారు. గ్లిబెన్‌క్లమైడ్, ఆల్ప్రాజోలం రెండూ అందులో ఉన్నాయి. అలాగని అన్నీ ఒకేసారి తీసేయం. ఒకటి మార్చి, కొన్నాళ్ళు చూసి, ఆ తర్వాతే ఇంకొకటి.

కావలి_కుర్రోడు:
అక్కా, ఈరోజు తెల్లారుజామున చూశా. 58! చక్కెర నీళ్ళు తాగించాక 96కి వచ్చింది. షుగర్ డాక్టరుకు ఫోన్ చేస్తే ఆ బిళ్ళ ఆపి, అన్నీ తీసుకుని ఈరోజే రమ్మన్నారు. సంచి సర్దుతుంటే అమ్మ బీరువాలోంచి ఇంకో రెండు షీట్లు తెచ్చింది. ఆమెకు రాసిన నొప్పి బిళ్ళలట, ఇద్దరూ పంచుకుంటున్నారు!

రిటైర్డ్_సిస్టర్_నెల్లూరు:
అవీ సంచిలో వెయ్, అమ్మను కూడా తీసుకెళ్ళు. 96 వచ్చిందని ఊరుకోబాక, ఆ బిళ్ళతో షుగర్ మళ్ళీ పడిపోవచ్చు. ఇప్పుడే టిఫిన్ పెట్టండి. డాక్టరు చూసేదాకా రెండు గంటలకోసారి చెక్ చేస్తుండు, బస్సులో కూడా చక్కెర దగ్గరుంచుకో.