సౌదీ ఉద్యోగానికి ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతున్నారు, ఇవ్వొచ్చా?

పర్లాకిమిడి అమ్మాయి:
అక్కలకి నమస్కారం. బీఎస్సీ నర్సింగ్ చేసి బెరంపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో మూడేళ్లుగా చేస్తున్నాను. రియాద్ పంపిస్తానని ఒకాయన రెండున్నర లక్షలు, ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతున్నాడు. అమ్మ మెడలో గొలుసు తాకట్టు పెడతానంటోంది. నాకు నిద్ర పట్టడం లేదు. ఇంకో చిక్కు: మార్కుల జాబితాలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది.

కాశీనగర్ అక్క, రియాద్:
చెల్లీ, ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వకు. సర్టిఫికెట్లు నిజమైనవో కాదో తనిఖీ చేసే డేటాఫ్లో అనే సంస్థకి స్కాన్ కాపీలు అప్‌లోడ్ చేస్తాం. వాళ్లే కాలేజీకి, నర్సింగ్ కౌన్సిల్‌కి, ఆసుపత్రికి రాసి నిజమా కాదా అడుగుతారు. నాదీ పొడి అక్షరమే. అక్కడే రెండు నెలలు ఆగిపోయింది. రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ చేయించాను, కాలేజీ ఆఫీసులో కూర్చుని జవాబు పంపించేదాకా కదల్లేదు. నువ్వు ముందే చేయించుకో. అక్కడ నర్సు లైసెన్సు కోసం రాసే ప్రొమెట్రిక్ పరీక్ష చదివితే వస్తుంది, దానికి భయపడకు.

నన్ను ఏడిపించింది భాష. డయాలసిస్ వార్డులో మొదటి వారం ఒక ముసలాయన నన్ను చూసి ‘దోఖా, దోఖా’ అన్నాడు. మనకి ధోకా అంటే మోసం కదా! నేనేం తప్పు చేశానో అని బిగుసుకుపోయాను. పక్క బెడ్ దగ్గరున్న మలయాళీ సిస్టర్ పరిగెత్తుకొచ్చి, ఆయన కాళ్లు పైకెత్తి సెలైన్ వదిలింది. అరబ్బీలో ‘దోఖా’ అంటే కళ్లు తిరగడం. బీపీ పడిపోయింది. ఆయన బతికాడు గానీ ఆ రాత్రి నేను అన్నం ముట్టలేదు. విమానం ఎక్కే ముందు ఒక యాభై మాటలు నేర్చుకో. ‘వజా’ అంటే నొప్పి.

పాతపట్నం మేనమామ:
అమ్మా, మా మేనకోడలు కువైట్‌లో నర్సు. విదేశీ ఉద్యోగాలకి పంపే ఏజెంట్ల జాబితా ఉండే ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఆ ఏజెంటు పేరుందేమో చూడు. రిజిస్టరైన ఏజెంటు మన దగ్గర తీసుకోదగ్గ సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, దానిపైన జీఎస్టీ. రెండున్నర లక్షలు ఏ లెక్కకీ రావు. గల్ఫ్‌కి వెళ్లే నర్సులకి 2015 నుంచి ఎమిగ్రేషన్ క్లియరెన్సు, అంటే పనికి వెళ్లడానికి మన ప్రభుత్వ అనుమతి, తప్పనిసరి. విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడ మార్చుకుందువు అంటే ఒప్పుకోకు. గొలుసు అమ్మ మెడలోనే ఉండనీ.

పర్లాకిమిడి అమ్మాయి:
వెబ్‌సైటులో వెతికాను, ఆయన పేరు లేదు. అమ్మకి చెప్పేశాను. సోమవారం అఫిడవిట్ చేయించి కాలేజీకి వెళ్తున్నాను. అక్కా, దోఖా, వజా నోట్సులో రాసుకున్నాను. మిగతా నలభై ఎనిమిదీ పంపుతావా?