నెమలికంఠం రంగు కందిరీగ: బొద్దింకను పట్టేది ఇదేనా?

ప్రశ్న (హనుమకొండ నుంచి):
అందరికీ నమస్కారం. మాది పాత పెంకుటిల్లు. వానలు మొదలైనప్పటి నుంచి ఎండ కాసిన వేళ బాత్రూం గోడ మీద, పెరట్లో కట్టెల కుప్ప దగ్గర నెమలికంఠం రంగులో మెరిసే కందిరీగ ఒకటి తిరుగుతున్నది. ఎగరడం తక్కువ, పరుగెత్తడం ఎక్కువ. ఫోటో తీస్తే మెరుపు తప్ప ఏమీ రాలేదు. బొద్దింకను ఈడ్చుకెళ్లే కందిరీగ ఉంటుందట కదా, ఇది అదేనా? ఇంట్లో చిన్న పాప ఉంది, అమ్మ స్ప్రే కొట్టమంటున్నది.

జవాబు (నర్సంపేట నుంచి):
అన్నా, ముందు స్ప్రే పక్కన పెట్టండి. ఇది ఒంటరి కందిరీగ. తేనెతుట్టె లాంటిదేదీ ఉండదు, కాపాడుకోవడానికి గుంపుగా మీద పడదు. చేత్తో పట్టుకుంటే మాత్రం ఆడది కుడుతుంది, కాబట్టి పాపను ముట్టుకోనివ్వకండి, అంతే.

ఇక గుర్తుపట్టడం. రంగు ఒక్కటే చూసి ఖాయం చేసుకోవద్దు, అట్లా మెరిసేవి చాలా ఉన్నాయి. కాళ్లు చూడండి. ఒళ్లంతా నీలం కలిసిన ఆకుపచ్చ, మధ్య కాళ్లకు, వెనక కాళ్లకు తొడ భాగం ఎర్రగా ఉంటే అది ఆంప్యులెక్స్ కంప్రెస్సా, మీరు విన్నది అదే. ఆడది దాదాపు 22 మిల్లీమీటర్లు ఉంటుంది, మగది బాగా చిన్నది, దానికి కొండి కూడా ఉండదు.

ముదురు నీలంగా, దారం లాంటి నడుముతో ఉండి, కాళ్లలో ఎరుపు లేకుండా ఇంటి మూలల్లో తిరిగేది సాలీళ్లను పట్టే కాలిబియన్. నేలలో బొరియ తవ్వుతూ కీచురాళ్లను పట్టే పచ్చది క్లోరియన్, దాని నడుము కూడా సన్నగా పొడుగ్గా ఉంటుంది.

అన్నిటికంటే పక్కా గుర్తు అది వేటను తీసుకుపోయే తీరు, నాకైతే ఎంతసేపు చూసినా తనివి తీరదు. మొదట బొద్దింక ఛాతీలో కుడుతుంది, రెండు మూడు నిమిషాలు ముందు కాళ్లు పనిచేయవు. ఆ సందులో రెండో పోటు తలలోకి, నేరుగా మెదడు దగ్గరికే. బొద్దింక అరగంట దాకా తన ఒళ్లు తానే శుభ్రం చేసుకుంటూ ఉంటుంది, ఈలోగా కందిరీగ చోటు వెతుక్కుని వస్తుంది. వచ్చి మీసాలను సగానికి కొరికి, అందులోంచి కారే ద్రవం తాగి, మిగిలిన మీసం ముక్క పట్టుకుని మేకను తాడుతో తోలుకుపోయినట్టు తీసుకెళుతుంది. బొద్దింక కాళ్లు చచ్చుబడవు, తన కాళ్ల మీద తానే నడుస్తుంది! పారిపోవాలన్న కదలికే పోతుంది. మిగతా కందిరీగలు కదలలేని పురుగును మోస్తాయి లేదా ఈడుస్తాయి, తేడా అక్కడే తెలిసిపోతుంది.

ఫోటో కంటే వీడియో నయం. ఫ్లాష్ వద్దు, మెరుపంతా తెల్లగా కొడుతుంది. నీడ దాని మీద పడకుండా రెండు మూడు అడుగుల దూరంలో కూర్చుని, కాళ్లు కనపడేటట్టు పక్క నుంచి తీయండి, తర్వాత వీడియోలోంచి బొమ్మలు తీసుకుని, జీవులను గుర్తుపట్టి చెప్పే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెట్టొచ్చు.

ప్రశ్న (కాజీపేట నుంచి):
మా సజ్జ కింద మట్టిగూళ్ల చుట్టూ ఒక పచ్చది తిరుగుతుంది అక్కా, బొద్దుగా ఉంది, తాకితే ఉండలా ముడుచుకుంది. అదీ ఇదేనా?

జవాబు (నర్సంపేట నుంచి):
కాదు తమ్ముడూ, అది క్రైసిడిడే కుటుంబంలోది. ఒళ్లంతా సన్నటి గుంటలు కనపడతాయి చూడు. తాను గూడు కట్టదు, వేరే కందిరీగ కట్టిన మట్టిగూట్లో గుడ్డు పెట్టిపోతుంది. బొద్దింకను పట్టే ఆంప్యులెక్స్‌నూ, దీన్నీ ఇంగ్లీషులో జ్యువెల్ వాస్ప్ అనే అంటారు, అందుకే జనం కలగాపులగం చేస్తున్నారు. ముడుచుకోవడం కనపడితే ఇక అనుమానం అక్కర్లేదు.

ప్రశ్న (హనుమకొండ నుంచి):
వీడియో తీశాను అక్కా, తొడలు ఎర్రగానే ఉన్నాయి! మరి దీన్ని ఉండనిస్తే ఇంట్లో బొద్దింకలు పోతాయా?

జవాబు (నర్సంపేట నుంచి):
పోవు అన్నా, ఆ ఆశ పెట్టుకోకండి. బొద్దింకలను తగ్గిస్తుందని 1941లో హవాయి దీవులకు తీసుకుపోయి వదిలారు, పని కాలేదు. ఒక్కో బొద్దింక మీద సాధారణంగా ఒకే గుడ్డు పెడుతుంది, వేట కూడా కొద్దిపాటి చోటులోనే. ఇంట్లో బొద్దింకలకు వంటింటి శుభ్రం, డ్రైనేజీ జాలీలే మందు. కట్టెల కుప్పలోనో గోడ సందులోనో చిన్న రాళ్లు, చెత్త ముక్కలతో మూసిన రంధ్రం కనపడితే తెరవకండి. లోపల బొద్దింక మధ్య కాలి మొదట్లో గుడ్డు ఉంటుంది, పిల్ల కందిరీగ బయటికి రావడానికి దాదాపు 6 వారాలు పడుతుంది. అప్పటిదాకా ఆ మూల కట్టెలు కదపకుండా, మందు కొట్టకుండా ఉంటే చాలు.