అప్‌డేట్: జంబలాయా ఉప్పెక్కువై, రుచి తక్కువ రావడానికి కారణం దొరికింది

ఇంట్లో వండిన జంబలాయా (అమెరికాలోని లూసియానా రాష్ట్రపు మసాలా అన్నం) ఉప్పుకషాయంలా ఉంటోంది, అయినా రుచీపచీ ఉండట్లేదని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. పనిచేసింది మాత్రం "డబ్బా వెనక చదవండి" అన్న సలహానే. నేను వాడే కేజన్ (లూసియానా వంట శైలి) మసాలా పొడిలో మొదటి పదార్థమే ఉప్పు! ఆండూయీ (పొగబెట్టిన పంది మాంసం) సాసేజ్‌లో, చికెన్ స్టాక్‌లో (కోడి ఉడికించిన నీళ్లలో) ఉన్నది అదనం. ఉప్పుకు భయపడి పొడి తగ్గిస్తే అందులోని మిరియాలు, థైమ్ ఆకు, వెల్లుల్లి కూడా తగ్గిపోయేవి.

ఇప్పుడు ఉప్పు లేని పొడి, ఉప్పు తక్కువున్న స్టాక్ వాడుతున్నాను. సాసేజ్ ముక్కలు బాగా ఎర్రగా వేగి గిన్నె అడుగున గోధుమరంగు పొర పట్టాక ఉల్లి, సెలెరీ, క్యాప్సికం వేస్తే, వాటి నీటికి ఆ పొరంతా కరిగి వస్తుంది. అసలు రుచి అక్కడే ఉంది. బియ్యం పోసే ముందు ఎసరు కాస్త ఉప్పగా తగలాలి, అన్నం పీల్చుకుంటుంది. దించాక వెనిగర్ ఉన్న హాట్ సాస్ నాలుగు చుక్కలు.

టమాటాలకూ ఈ ఉప్పు, రుచి సమస్యకూ సంబంధం లేదు. లూసియానాలోని న్యూ ఆర్లీన్స్ నగరపు క్రియోల్ పద్ధతిలో టమాటాలు వేస్తారు, అదే రాష్ట్రంలోని గొంజాలెస్ ఊరి వైపు వేయరు, రెండూ బాగుంటాయి. కయెన్ కారం పెంచితే నోరు మండిందంతే.