ఎఫ్450 క్వాడ్ (నాలుగు మోటార్ల డ్రోన్) లేవగానే బోల్తా కొడుతోంది

ప్రశ్న: 2212 సైజు, 1000 కేవీ (వోల్టుకు నిమిషానికి 1000 చుట్లు) మోటార్లు, 30 ఆంపియర్ ఈఎస్‌సీలు (మోటారు వేగం నియంత్రించేవి), 3ఎస్ లైపో (మూడు సెల్‌ల లిథియం పాలిమర్ బ్యాటరీ). థ్రాటిల్ పెంచగానే పక్కకు తిరగబడుతోంది. ఎక్కడ చూడాలన్నా?

జవాబు 1: ముందు ప్రొపెల్లర్లు నాలుగూ ఊడదీయి తమ్ముడూ, తర్వాతే బ్యాటరీ పెట్టు. బీటాఫ్లైట్ (ఫ్లైట్ కంట్రోలర్ బోర్డును సెట్ చేసే సాఫ్ట్‌వేర్) మోటార్స్ ట్యాబ్‌లో ఒక్కొక్కటే తిప్పు. బొమ్మలో చూపిన మూలదే తిరగాలి, ఆ దిశలోనే తిరగాలి. దిశ తప్పితే ఆ మోటారు మూడు వైర్లలో ఏ రెండైనా అటూఇటూ మార్చు, చాలు.

జవాబు 2: ఫ్లైట్ కంట్రోలర్ బోర్డు మీది బాణం క్వాడ్ ముందువైపుకే ఉందా? క్వాడ్‌ను చేత్తో వంచితే తెరమీది బొమ్మా అటే వంగాలి. 1045 ప్రొపెల్లర్లలో 'ఆర్' ఉన్నవి సవ్యదిశ మోటార్లకే. అంకెలున్న వైపు పైకి రావాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

జవాబు 3: ఎగిరాక బ్యాటరీ జాగ్రత్త కూడా చూసుకో: లైపో సెల్‌కు 3.5 వోల్టులకు రాగానే క్వాడ్‌ను కిందికి దించెయ్యి. దాచేటప్పుడు సెల్‌కు 3.8 వోల్టులు ఉంచు. ఉబ్బినదాన్ని మళ్లీ ఛార్జింగ్ పెట్టకు, అంటుకుంటుంది.