ఫ్యాకల్టీ యూనియన్ కమిటీలకు తుది నిర్ణయాధికారం ఉండాలా, సిఫార్సులతో సరిపెట్టుకోవాలా?

చాక్‌పీస్:
మా యూనియన్ నియమావళిని తిరగరాస్తున్నాం. ఒక్క విషయం దగ్గర రెండు వర్గాలయ్యాం. ఇప్పటివరకు చర్చల కమిటీ అయినా, ఫిర్యాదుల కమిటీ అయినా, సభ్యత్వ కమిటీ అయినా కార్యవర్గానికి సిఫార్సు మాత్రమే చేస్తుంది. చివరి మాట కార్యవర్గానిదే. కొత్త ముసాయిదాలో రెండు మార్పులు పెట్టాం. ఏ ఫిర్యాదును ఆర్బిట్రేషన్ (బయటి మధ్యవర్తి తీర్పు) దాకా తీసుకెళ్లాలో ఇకమీదట ఫిర్యాదుల కమిటీయే తేలుస్తుంది. యాజమాన్యంతో కూర్చునే చర్చల కమిటీని అధ్యక్షుడు నియమించడు, సభ్యులు ఎన్నుకుంటారు. ముసాయిదా రాసినవాళ్లలో నేనూ ఒకణ్ణి, కాబట్టి నా ఓటు ఎటో చెప్పనక్కర్లేదు. కార్యవర్గం నెలకోసారి కూర్చుంటుంది. ఫిర్యాదు గడువు దానికోసం ఆగదు కదా. మీ దగ్గర ఎలా నడుస్తోందో చెప్పండి.

పాత కార్యదర్శి:
కమిటీకి తుది అధికారం అంటే వినడానికి బాగానే ఉంటుంది. రేపు కేసు తిరగబడితే కోర్టు నోటీసు ఎవరి పేరు మీద వస్తుంది? యూనియన్ పేరు మీద. 1967లో అమెరికా సుప్రీంకోర్టు వాకా వర్సెస్ సైప్స్ కేసులో ఏం చెప్పింది? సభ్యుడి న్యాయమైన ఫిర్యాదును యూనియన్ ఇష్టమొచ్చినట్టు పక్కన పడేయకూడదు, మొక్కుబడిగా నడపకూడదు. అలాగని ప్రతి ఫిర్యాదునూ ఆర్బిట్రేషన్‌కి తీసుకెళ్లి తీరాలనీ లేదు. అంటే ఎక్కడ ఆపాలో తేల్చే బరువు యూనియన్ మీదే ఉంది. ఆ బరువు మోసేవాడు సభ్యుల ముందు నిలబడి జవాబు చెప్పేవాడై ఉండాలి. నలుగురైదుగురు ప్రొఫెసర్లు ఓ మధ్యాహ్నం కూర్చుని 'పాపం, మనవాడే' అనుకుని కేసు ముందుకు తోసేస్తే ఆర్బిట్రేటర్ ఫీజులో సగమూ లాయరు ఖర్చూ చందాల్లోంచి పోతాయి. అప్పుడు లెక్కలు చెప్పాల్సింది కోశాధికారి.

ఇక చర్చల కమిటీకి ఎన్నికలు. బల్లకు అవతలి పక్క యాజమాన్యం లాయరు ఒక్కడే ఏళ్ల తరబడి ఉంటాడు. ఇవతల ప్రతిసారీ కొత్త మొహాలు. ఉపన్యాసం దంచేవాళ్లు గెలుస్తారు, జీతాల పట్టిక చదవగలిగినవాళ్లు ఓడిపోతారు. చూశాను కాబట్టే చెబుతున్నాను.

నాలుగో పీరియడ్:
కార్యదర్శి గారి మాటే నా మాట.

లైబ్రరీ మూల:
అధికారం సంగతి తర్వాత. కమిటీ మినిట్స్ ఎవరు రాస్తారు?

చాక్‌పీస్:
జవాబుదారీ అన్నారు కాబట్టి ఒక ఉదాహరణ. 2018 మార్చిలో బ్రిటన్‌లో పెన్షన్ల మీద యూనివర్సిటీ అధ్యాపకుల సమ్మె నడుస్తోంది. మార్చి 12న వాళ్ల యూనియన్ యూసీయూ ప్రతినిధులు, కార్మిక వివాదాల్లో రాజీ కుదిర్చే ఏకాస్ సంస్థ మధ్యవర్తిత్వంలో యాజమాన్యాలతో ఒక ఒప్పందానికి వచ్చారు. శాఖల్లో సభ్యులు భగ్గుమన్నారు. మర్నాడే ఆ యూనియన్ ఉన్నత విద్యా కమిటీ దాన్ని తిరస్కరించింది. అది ఎన్నికైన కమిటీ, అందుకే కింది మాట చెవికెక్కింది. అధ్యక్షుడు ఏరి పెట్టుకున్న కమిటీ అయితే ఆయన మొహం చూసి తల ఊపేది.

పాత కార్యదర్శి:
ఆ ఉదాహరణ నాకే పనికొస్తుంది మాస్టారూ. బేరం కుదుర్చుకున్నవాళ్లు వేరు, కాదన్న కమిటీ వేరు. పైన ఆపేవాళ్లు ఉన్నారు కాబట్టే ఆగింది. మీ ముసాయిదాలో ఆపేవాడేడీ?

చాక్‌పీస్:
సభ్యులే ఆపుతారు. కుదిరిన ఒప్పందం అందరి ఓటుకూ వెళ్లకుండా అమల్లోకి రాదు.

పాత కార్యదర్శి:
సమ్మెలో జీతం పోయి, పరీక్షలు దగ్గరపడ్డాక ఓటు పెడితే ఎవరు కాదంటారు? అది ఆపడం కాదు, ముద్ర కొట్టడం.

లైబ్రరీ మూల:
మినిట్స్ ఎవరు రాస్తారని అడిగాను.

పాత కార్యదర్శి:
ఫిర్యాదుల కమిటీకి మినిట్స్ పెట్టడమే ప్రమాదం. ఒకరి మీద విద్యార్థుల ఆరోపణ ఉంటుంది, ఇంకొకరి మెడికల్ లీవు సంగతి ఉంటుంది. అవి కాగితం మీదికి ఎక్కితే రేపు ఎవరి చేతికి పోతాయో చెప్పలేం.

లైబ్రరీ మూల:
పేర్లు రాయమని ఎవరన్నారు? కేసు నంబరు, వచ్చిన తేదీ, గడువు ఎప్పుడు, ఏం తేల్చారు, ఎందుకు. ఒక్క పేజీ చాలు. నేను కూర్చున్న కమిటీ మినిట్స్ ఎలా ఉండేవో చూడండి: 'అంశం 3: చర్చించడమైనది. అంశం 4: చర్చించడమైనది. అంశం 5: తదుపరి సమావేశానికి వాయిదా. ధన్యవాదాలతో సమావేశం ముగిసినది.' ఏళ్ల తరబడి ఫైలు నిండా ఇదే. కొత్త కన్వీనర్ వచ్చి పాత ఫైలు తెరిస్తే అంతకుముందు ఇలాంటి కేసులో ఏం చేశారో ఒక్క ముక్క తెలియదు. మళ్లీ మొదటికి. అధికారం కమిటీకి ఇచ్చినా, కార్యవర్గానికి ఇచ్చినా, ఆ ఫైలుతో ఎవరూ ఏమీ చేయలేరు.

ఇండక్షన్ కాయిల్:
అధికారం ఎక్కువైతే అసలు యూనియనే మిగలదు, జాగ్రత్త. యెషీవా యూనివర్సిటీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1980లో ఇచ్చిన తీర్పు చదవండి. అధ్యాపకులు కమిటీల ద్వారా యూనివర్సిటీని నడుపుతున్నారు కాబట్టి వాళ్లు యాజమాన్యంలో భాగమే, కార్మిక చట్టం కింద బేరసారాల హక్కు లేదని 5-4తో తేల్చారు.

చాక్‌పీస్:
అవి సిలబస్సు, ప్రవేశాలు, నియామకాలు చూసే యూనివర్సిటీ కమిటీలు సార్. ఇక్కడ మాట్లాడేది యూనియన్ సొంత కమిటీల గురించి. రెండూ కలిపేస్తే ఎలా?

ఇండక్షన్ కాయిల్:
రెండింట్లోనూ కూర్చునేది అదే మనుషులు కదా. పొద్దున డీన్ కమిటీ, సాయంత్రం యూనియన్ కమిటీ.

గంటల లెక్క:
ఇంతసేపూ చదివాను. నేను గెస్ట్ ఫ్యాకల్టీని, చెప్పిన గంటలకే డబ్బు. ఒక సెమిస్టర్ మధ్యలో నా సెక్షన్లు తీసేసి ఒక రెగ్యులర్ సారుకి ఇచ్చేశారు, ఆయనకు వర్క్‌లోడ్ సరిపోలేదట. ముందు నోటీసు ఇవ్వాలని ఒప్పందంలో ఉంది. ఫిర్యాదు ఫారం నింపి, పాత టైంటేబులూ కొత్త టైంటేబులూ పక్కపక్కన పిన్ను కొట్టి యూనియన్ ఆఫీసులో ఇచ్చాను. 'కమిటీ పరిశీలనలో ఉంది' అని ఒక మెయిల్ వచ్చింది. కొన్నాళ్లకు 'కమిటీ తన సిఫార్సును కార్యవర్గానికి పంపింది' అని ఇంకొకటి. ఆ తర్వాత 'గడువు దాటినందున యాజమాన్యం ఫిర్యాదును స్వీకరించలేదు' అని. అన్ని మెయిళ్ల కిందా సంతకం ఒక్కరిదే. ఫిర్యాదుల కమిటీ కన్వీనరే కార్యవర్గ సభ్యుడు కూడా. అంటే ఆయన సిఫార్సు ఆయనకే చేరడానికి గడువు చాల్లేదు.

నాలుగో పీరియడ్:
అయ్యో.

పాత కార్యదర్శి:
అన్యాయమే అమ్మా, కాదనను. కానీ ఆ కన్వీనర్ గడువు పొడిగింపు ఎందుకు అడగలేదు? రెండు పక్షాలూ ఒప్పుకుని రాసుకుంటే గడువు ఆగుతుంది. ఫిర్యాదులు చూసేవాడికి ఇది ఓనమాలు. తప్పు చేసింది కమిటీ, అలాంటి కమిటీకే ఇంకా అధికారం కట్టబెడదాం అంటున్నారు చాక్‌పీస్ గారు.

నాలుగో పీరియడ్:
పొడిగింపు మెయిల్లో చెల్లుతుందా, సంతకాలతో కాగితం ఉండాలా?

పాత కార్యదర్శి:
ఒప్పందంలో ఎలా రాశారో చూడాలి. కాగితం ఉంటే గొడవ లేదు.

ఇండక్షన్ కాయిల్:
గడువు పనిదినాల్లోనా, మామూలు రోజుల్లోనా అన్నదీ చూడాలి. పనిదినాలైతే సెమిస్టర్ సెలవులు కలుస్తాయా అని ఇంకో పేచీ. మా దగ్గర దీని మీదే ఒక కేసు నడిచింది.

నాలుగో పీరియడ్:
సెలవులు ఎలా కలుస్తాయి? యూనివర్సిటీ ఆఫీసు తెరిచే ఉంటుంది కదా.

ఇండక్షన్ కాయిల్:
ఆఫీసు తెరిచి ఉంటే అధ్యాపకుడికి పనిదినం అయిపోతుందా?

గంటల లెక్క:
నా సెక్షన్లు పోయాయంటే మీరు కాగితమా మెయిలా, సెలవులు కలుస్తాయా అంటున్నారు. ఆ కమిటీలో మావాళ్లు ఒక్కరున్నా గడువు గుర్తుండేది, ఎందుకంటే ఆ గడువు తప్పితే వాళ్లకే అన్నం ఉండదు. ఎందుకు లేరో చెప్పనా? సమావేశాలు సాయంత్రం నాలుగింటికి పెడతారు. ఆ టైంకి నేను ఇంకో కాలేజీలో క్లాసు చెబుతుంటాను. సమావేశానికి వస్తే ఆ గంట డబ్బు పోతుంది. మీరు వస్తే మీకేం పోదు.

పాత కార్యదర్శి:
ఏం పోదా? ఎన్ని రాత్రులు ఆ ఆఫీసులో కూర్చుని ప్రతిపాదనలు టైపు చేశానో మీకు తెలుసా? యూనియన్ పని ఎవరికైనా చేతి చమురే. పైసా తీసుకున్నది లేదు.

గంటల లెక్క:
కార్యదర్శిగా ఉన్నన్నాళ్లు మీకు క్లాసుల తగ్గింపు ఇచ్చారా లేదా?

పాత కార్యదర్శి:
ఇచ్చారు. అది ఒప్పందంలో ఉన్న సదుపాయం. ఆఫీసు బేరర్లకు చాలా చోట్ల ఉంటుంది.

గంటల లెక్క:
మీకు క్లాసు తగ్గినా జీతం వస్తుంది. నాకు క్లాసు తగ్గితే జీతమే తగ్గుతుంది. దాన్ని మీరు చేతి చమురు అంటున్నారు. ఆ ఒప్పందం రాసేటప్పుడు బల్ల దగ్గర మావాళ్లెవరున్నారు?

పాత కార్యదర్శి:
సరే, ఎవరూ పైకి అనని మాట నేనే అంటాను. మా గత ఒప్పందానికి పెట్టిన కోరికల జాబితాలో గెస్ట్ ఫ్యాకల్టీ పునర్నియామకంలో సీనియారిటీకి ప్రాధాన్యం అనే క్లాజు ఉంది. చివరి రాత్రి యాజమాన్యం 'అదో, పదోన్నతుల క్లాజో, ఒకటి చూసుకోండి' అంది. పక్క గదిలోకి వెళ్లి మాట్లాడుకున్నాం. పదోన్నతులే తీసుకున్నాం. మరిచిపోయి కాదు, తెలిసే వదిలేశాం. ఓటేసేవాళ్లలో ఎక్కువమంది రెగ్యులర్లు. పదోన్నతులు లేకుండా తీసుకెళ్తే ఒప్పందం ఓటింగులో పడిపోయేది, ఎవరికీ ఏమీ దక్కేది కాదు. మళ్లీ అదే రాత్రి వస్తే మళ్లీ అదే చేస్తాను. ఎన్నికైన కమిటీ అయితే పక్క గదిలోకి కూడా వెళ్లేది కాదు, అక్కడికక్కడే సంతకం పెట్టేది. దాన్ని గెలిపించేదీ ఆ రెగ్యులర్లే కదా.

లైబ్రరీ మూల:
ఆ రాత్రి సంగతి మినిట్స్‌లో ఉందా?

పాత కార్యదర్శి:
లేదు. ఉండకూడదు. యాజమాన్యం చేతికి చిక్కితే తర్వాతి బేరంలో మనల్ని చీల్చడానికి అదొక్కటి చాలు.

గంటల లెక్క:
చీల్చింది యాజమాన్యం కాదు కదా సార్. కనీసం మీరు ఒప్పుకున్నారు, మా దగ్గర అదీ లేదు. చాక్‌పీస్ గారూ, మీ ముసాయిదాలో 'సభ్యులు ఎన్నుకుంటారు' అని ఉంది. గెస్ట్ ఫ్యాకల్టీ ఆ 'సభ్యుల్లో' ఉన్నారా?

చాక్‌పీస్:
అసోసియేట్ సభ్యులుగా ఉన్నారు.

లైబ్రరీ మూల:
ఓటుందా?

చాక్‌పీస్:
లేదు. వాళ్లకు చందా తక్కువ. పాత నియమావళిలోనే అలా ఉంది, మేం పెట్టింది కాదు. ఇప్పుడు దాన్ని కదిపితే సర్వసభ్య సమావేశంలో మూడింట రెండొంతుల మద్దతు రాదు, ముసాయిదా మొత్తం పోతుంది. ముందు కమిటీల ఎన్నికలు సాధిద్దాం. ఓటు హక్కు రెండో విడతలో తప్పకుండా తెస్తాం.

పాత కార్యదర్శి:
మా దగ్గర వాళ్లకు ఓటైనా ఉంది.

ఇండక్షన్ కాయిల్:
విడిగా యూనియన్ పెట్టుకోవడం ఒక దారి. అమెరికాలోని రట్గర్స్ యూనివర్సిటీలో పార్ట్‌టైం లెక్చరర్లు సొంత యూనియన్ పెట్టుకున్నారు. 2023 ఏప్రిల్ 10న సమ్మెకు దిగినప్పుడు ఫుల్‌టైం వాళ్లతో కలిసే దిగారు. ఎవరి గొంతు వాళ్లదే, రోడ్డు మీద మాత్రం అందరూ ఒక్కటే.

గంటల లెక్క:
విడిగా పెట్టాలన్నా కూర్చుని కాగితాలు రాసేవాళ్లు కావాలి, మళ్లీ అదే సాయంత్రం నాలుగింటి సమస్య. పైగా యాజమాన్యంతో మాట్లాడే గుర్తింపు ఒక యూనియన్‌కి ఇచ్చేశాక రెండోది నిలబడటం అన్ని చోట్లా కుదిరే పని కాదు. నేనడిగేది చిన్నది. కమిటీలో మాకు ఓటుతో కూడిన సీటు ఉండాలి. గంటల లెక్కన పనిచేసేవాళ్లు సమావేశానికి వస్తే ఆ గంటల డబ్బు యూనియన్ నిధిలోంచి ఇవ్వాలి. ఆర్బిట్రేటర్ ఫీజుకి దొరికే డబ్బు దీనికెందుకు దొరకదు?

పాత కార్యదర్శి:
యూనియన్ పనికి కూలి కడితే అది యూనియన్ కాదు, ఇంకో ఆఫీసు. దీనికి మాత్రం నేను ఎప్పటికీ ఒప్పుకోను.

నాలుగో పీరియడ్:
క్లాసుల తగ్గింపు ఏమిటి మరి, కూలి కాదా? మొన్నటిదాకా మీ మాటే నా మాట అన్నాను, ఇది మాత్రం నాకు మింగుడు పడట్లేదు.

లైబ్రరీ మూల:
చాక్‌పీస్ గారూ, మీ ముసాయిదాకి సవరణ పెట్టాలంటే ఏం కావాలి?

చాక్‌పీస్:
ఓటు హక్కున్న పదిమంది సభ్యుల సంతకాలు. గడువు ఇంకా ఉంది.

లైబ్రరీ మూల:
సరే, రాసుకోండి. 'చర్చల కమిటీలోను, ఫిర్యాదుల కమిటీలోను గెస్ట్, కాంట్రాక్టు అధ్యాపకులు తమలో తాము ఎన్నుకున్న ఇద్దరేసి సభ్యులు ఓటు హక్కుతో ఉంటారు. గంటల ప్రాతిపదికన పనిచేసే సభ్యులకు సమావేశంలో గడిపిన సమయానికి యూనియన్ నిధి నుంచి పరిహారం చెల్లించాలి.' కింద మొదటి సంతకం మీరు పెట్టండి. మిగతా తొమ్మిది వాటంతటవే వస్తాయి.

గంటల లెక్క:
పెడతారా సార్?

చాక్‌పీస్:
సవరణలో తప్పేం లేదు. కానీ నేను ముసాయిదా కమిటీలో ఉండి సొంతంగా ఇలాంటిది పెడితే బాగుండదు. కార్యవర్గంలో ఒక మాట అడిగి చెబుతాను.