అక్షౌహిణి అంకెలు కూడితే 18: గుట్టా, గణితమా?

అక్షౌహిణి అంటే 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్బలం. వీటిలో ఏ సంఖ్య అంకెలు కూడినా 18 వస్తుంది. భారతంలో పర్వాలు 18, యుద్ధం 18 రోజులు, అక్షౌహిణులు కూడా 18. వ్యాసుడు కావాలనే ఇలా పెట్టాడని ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. లెక్కలు తెలిసినవాళ్లు ఏమంటారు?

వ్యాఖ్య: గుట్టు ఉందండీ, కానీ అది 18లో లేదు, 3లో ఉంది. ఆదిపర్వంలో చెప్పిన వరస చూడండి. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, అయిదుగురు భటులు కలిస్తే పత్తి. అక్కణ్ణించి సేనాముఖం, గుల్మం, గణం, వాహిని, పృతన, చమువు, అనీకిని దాకా మెట్టుకి మూడు రెట్లు. ఏడుసార్లు మూడుతో హెచ్చించాక అనీకినిలో 2,187 రథాలు తేలతాయి. పది అనీకినులు ఒక అక్షౌహిణి. పదితో హెచ్చిస్తే చివర సున్నా చేరుతుందే తప్ప అంకెల మొత్తం మారదు.

మూడుతో రెండుసార్లు హెచ్చించామంటే ఆ సంఖ్య తొమ్మిదితో భాగం పోతుంది. అలాంటి ఏ సంఖ్యకైనా అంకెల మొత్తం 9, 18, 27 ఇలాగే ఉంటుంది. గుర్రాలు రథాలకి మూడు రెట్లు, కాల్బలం అయిదు రెట్లు. కాబట్టి అవీ ఆ దారిలోనే నడుస్తాయి. గణంలో 27 రథాలు, వాహినిలో 81, పృతనలో 243. వీటికి వచ్చేది 9 మాత్రమే. ఆ మాట ఫార్వర్డ్‌లో ఉండదు!

అసలు తమాషా ఇంకొకటి. నాలుగు అంగాలూ కలిపితే అక్షౌహిణి 2,18,700. పాండవుల ఏడూ 15,30,900, కౌరవుల పదకొండూ 24,05,700. రెండింటికీ 18 వస్తుంది. రెండు సేనలూ కలిసి సరిగ్గా 18 అక్షౌహిణులు అయినప్పుడు మాత్రం 39,36,600. కూడి చూడండి, 27!

ప్రశ్న అడిగినవారు: అయితే యుద్ధానికి 39 లక్షల మంది వచ్చారన్నమాట.

వ్యాఖ్య: మంది కాదండీ. ఆ లెక్కలో రథం ఒకటి, ఏనుగు ఒకటి, గుర్రం ఒకటి. కాలినడకన పోరాడేవాళ్లు అందులో సరిగ్గా సగం, 19,68,300. సారథులనీ మావటీలనీ విడిగా లెక్కపెట్టలేదు.

వ్యాఖ్య: లెక్క సరే, కొందరు అక్షోహిణి అని రాస్తున్నారు. అక్ష, ఊహినీ కలిస్తే మామూలుగా గుణసంధితో ఓకారమే రావాలి. ఈ మాటకి మాత్రం వృద్ధి, అంటే ఔకారం, వస్తుందని పాణిని వ్యాకరణ సూత్రాలకి కాత్యాయనుడు చేర్చిన వార్తికం (అనుబంధ వివరణ). అందుకే క్షౌ.

వ్యాఖ్య: నాదీ ఒక పిచ్చి లెక్క. అక్షౌహిణిని నిలువూ అడ్డమూ సమానంగా నిలబెట్టలేం, 2,18,700లో మూడు అనే గుణకం బేసిసార్లు, అంటే ఏడుసార్లు, ఉంది కాబట్టి. మూడు అక్షౌహిణులు కలిపితే 6,56,100. వరసకి 810 చొప్పున 810 వరసలు, ఒక్కటీ మిగలదు.